సుగుణ మేడం పిల్లి ఇంగ్లీషు

మొన్న ఒక పెళ్ళికని సిరిసిల్ల నుంచి కోరుట్లకు బస్సులో వెళ్తుంటే, ఊరింకా దూరంగా ఉందనగానే కిటికీలోంచి పసుపు ఉడికే వాసన లోపలికి వచ్చింది. తడిమట్టి వాసనలా మొదలై, కొంచెం చేదుగా మారి, చివరికి గొంతులో ఎక్కడో తీయగా మిగిలిపోయే వాసన అది. రోడ్డు పక్క చేలల్లో డ్రమ్ముల నుంచి ఆవిరి తెల్లగా లేస్తోంది. నా ముందు సీటులోని అమ్మాయి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకొని కిటికీ అద్దం లాగేసింది. ఆ క్షణంలో నాకు చెవి పక్కనే ఒక గొంతు వినిపించినట్టయింది. "పసుపు వాసనకు కిటికీ మూసేటోళ్ళకు కూర రుచేం తెలుస్తది పిల్లా!" అనే గొంతు. సుగుణ మేడం గొంతు. ఆమె పక్కన కూర్చొని కొన్నేళ్ళపాటు రోజూ జగిత్యాల నుంచి కోరుట్ల దిక్కు బడికి ప్రయాణం చేశాను. ఆమె నాకు చదువు చెప్పిన టీచరు కాదు. ఆమె సోషల్ చెప్పేది, నేను ఇంగ్లీషు చెప్పేదాన్ని. కాగితాల మీద చూస్తే నేనే ఆమెకు ఇంగ్లీషు నేర్పాను. కానీ నా నాలుకకు ఉన్న ముడి విప్పింది మాత్రం ఆమే.

నేను సిరిసిల్లలో సాంచాల మధ్య పుట్టి పెరిగిన పిల్లను. మరమగ్గాలను మా దగ్గర సాంచాలనే అంటాం. మా నాన్న సాంచాలు నడిపేవాడు. మా వాడలో పొద్దున్నుంచీ ఆ టకటకల చప్పుడే. ఆ చప్పుడును దాటి వినబడాలి కాబట్టి మా ఇళ్ళల్లో అందరూ గట్టిగా మాట్లాడతారు. నేనొక్కదాన్నే ఎట్లా వచ్చానో గానీ, మాట పెదవి దాటని పిల్లనయ్యాను. తెలుగు మీడియంలో చదివినా ఇంగ్లీషంటే ఇష్టం. పుస్తకాలు చదివేదాన్ని, వ్యాకరణం బాగా వచ్చేది, మార్కులూ బాగా వచ్చేవి. బీఈడీ చేసి, పరీక్ష రాసి, మొదటి దెబ్బకే ఉద్యోగం తెచ్చుకున్నాను. అయితే ఇంగ్లీషులో మాట్లాడమంటే నాకు చెమటలు పట్టేవి. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు వాక్యం మనసులో కట్టుకునేదాన్ని. అందులో కాలం సరిగ్గా ఉందా, ముందు 'ఎ' రావాలా 'ద' రావాలా అని సరిచూసుకునేదాన్ని. అంతా సరిగ్గా కుదిరేసరికి అడిగినవాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. బడిలో మాత్రం ఇబ్బంది లేకుండా నడిచింది. పాఠం చదవడం, తెలుగులో అర్థం చెప్పడం, ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాయడం. ఇంగ్లీషు టీచరుకు ఇంగ్లీషు మాట్లాడటం రాదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

నేను ఆ బడిలో చేరిన కొద్దికాలానికే సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఒకరోజు హెడ్మాస్టరు, అందరం పెద్దసారు అనేవాళ్ళం, స్టాఫ్‌రూంకు వచ్చి ఇకనుంచి ఏ సబ్జెక్టయినా ఇంగ్లీషులోనే చెప్పాలని చెప్పాడు. అందరూ ఏదో ఒకటి అన్నారు. సుగుణ మేడం ఒక్కతే ఏమీ అనలేదు. అది వింత. ఎందుకంటే ఆమె మౌనంగా ఉండటం అప్పటిదాకా ఎవరూ చూడలేదు. గొల్లపల్లి దగ్గరి రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. యాభై దాటాయి. గట్టి మనిషి, గట్టి గొంతు, నవ్వితే వరండా చివరిదాకా వినపడేది. ఆమె ఢిల్లీ సుల్తానుల పాఠం చెబుతుంటే పక్క గదిలో నా పిల్లలు నా పాఠం వదిలేసి గోడకు చెవులు పెట్టేవాళ్ళు. తుగ్లక్ రాజధాని మార్చిన కథ చెప్పేటప్పుడు, "పసిపిల్లలను సంకల ఏసుకొని, ముసలోళ్ళను చేతులు పట్టుకొని, గా ఎండల నడిసిన్రు బిడ్డా" అనేసరికి పిల్లలకు నిజంగానే కాళ్ళు నొప్పిపుట్టేవి. ఆ కథంతా ఇప్పుడు ఇంగ్లీషులో చెప్పాలి.

ఆ సాయంత్రం బస్సులో చాలాసేపు బయటికే చూస్తూ కూర్చుంది. తర్వాత నా దిక్కు తిరిగింది.

"రజితా, ఉద్యోగం ఇడిసిపెడ్దామనుకుంటున్న."

ఆమె భర్త గంగారాం ఎన్నో ఏళ్ళు మస్కట్‌లో పనిచేసి తిరిగి వచ్చాడు. గొల్లపల్లిలో పసుపు వేస్తున్నాడు. ఇల్లు గడవడానికి ఆమె జీతమే దిక్కన్న పరిస్థితి లేదు. వదిలేయాలంటే వదిలేయగలదు.

"మొన్నటిదాక పిల్లలు నా నోటి దిక్కు సూసేటోళ్ళు. రేపటికెళ్ళి నా నోట్లకెళ్ళి ఒక్క మాట రాకపాయె, గాళ్ళేం జూస్తరు? సూసుకుంట సూసుకుంట నవ్వుతరు" అంది. మళ్ళీ తనే, "ఇడిసిపెట్టే ముంగట ఒక్కసారి నేర్చుకొని సూస్త. నువ్వు ఇంగ్లీషు టీచరువు గద. నేర్పుతవా?" అంది.

నేను తలూపాను. ఆమె తృప్తిగా తల ఊపింది. తనకే రాని ఈతను నేర్పడానికి ఒడ్డున నిలబడి పుస్తకం చదివే మనిషి ఒప్పుకున్నట్టుంది నా పని.

మొదటి వారం వ్యాకరణంతోనే మొదలుపెట్టాను. నాకు వచ్చింది అదే కదా. వర్తమానం, అందులో నాలుగు రకాలు, ఒక్కోదానికి సూత్రం. ఆమె బుద్ధిగా విని, మర్నాడు అంతా మరిచిపోయి వచ్చేది. ఒకరోజు స్టాఫ్‌రూంలో పుస్తకం మూసి పక్కకు నెట్టింది. "ఇది నాతోని గాదు పిల్లా. నాకు సూత్రం గాదు, కండ్ల ముంగట కనబడేది చెప్పు. గప్పుడే తలకెక్కుతది" అంది. సరిగ్గా అప్పుడే కండ్ల ముందు కనబడింది రజియా.

రజియా మా బడి పిల్లి. మధ్యాహ్న భోజనం బియ్యానికి ఎలుకలు మరిగాయని వంటామె ఎక్కడినుంచో తెచ్చి వదిలింది. ఎలుకల సంగతి దేవుడెరుగు, అది స్టాఫ్‌రూంలోని పటాల అల్మారాలో చేరి, చుట్టిపెట్టిన భారతదేశ పటం మీద పిల్లల్ని పెట్టింది. దేశం మొత్తాన్ని ఆక్రమించింది కాబట్టి దానికి రజియా సుల్తానా అని సుగుణ మేడమే పేరు పెట్టింది. ఆ రోజు అది అల్మారాలోంచి దిగి, మా బల్ల కిందనుంచి తాపీగా నడిచిపోతుంటే నాకు నా పాత గ్రామరు పుస్తకంలో జంతువుల మీద ఉన్న ఇంగ్లీషు పలుకుబడుల పేజీ గుర్తొచ్చింది. "మేడం, పిల్లి మీద ఇంగ్లీషోళ్ళకు చాన మాటలున్నయి. రోజుకొకటి నేర్చుకుందామా?" అన్నాను.

ఆమె మొహం వెలిగిపోయింది. "మనకు మాత్రం తక్కువున్నయా? పిల్లి శాపాలకు ఉట్లు తెగుతయా, గోడమీది పిల్లి, కండ్లు మూసుకొని పాలు తాగే పిల్లి... పట్టు మరి. ఆళ్ళవేందో సూద్దాం."

ఆ రోజు నుంచి మా బస్సు ప్రయాణం మారిపోయింది. జగిత్యాలలో ఎక్కగానే ఆమె అడిగేది: "ఇయ్యాల్టి పిల్లి ఏంది?" నేను చెప్పేదాన్ని. ఆమె ముందు దాన్ని తెలుగులోకి లాగేది. లాగి, మనదాంతో పోల్చి, తూచి, తర్వాతగానీ నోట పట్టేది కాదు. వేడి ఇటుకల మీది పిల్లిలాగా అనే మాట చెప్పినరోజు ఆమె సంతోషం చూడాలి. "గిది మన కాలుగాలిన పిల్లే గద! మన దగ్గరికెళ్ళే పట్టుకపోయిన్రు. కాలు కాలిందని మనం చెప్తిమి, ఎందుకు కాలిందో ఆళ్ళు చెప్పిన్రు, గంతే!" అని బస్సంతా వినబడేలా తీర్పు చెప్పింది. పిల్లిని సంచిలోంచి బయటికి వదలడం, అంటే గుట్టు బయటపెట్టడం, అని చెబితే మాత్రం ఒప్పుకోలేదు. "సంచిల పిల్లినెందుకు పెడ్తరు?" అని నిలదీసింది. పూర్వం అంగట్లో పందిపిల్ల అని చెప్పి సంచిలో పిల్లిని కట్టి అమ్మేవాళ్ళట, మూతి విప్పితే మోసం బయటపడేదట అని ఎక్కడో చదివింది చెప్పాను. ఆమె చాలాసేపు ఆలోచించి, "అంటే అంగడి మోసాలు గా దేశంల గూడ ఉన్నయన్నట్టు. మంచిది. నాకు జర ధైర్యమొచ్చింది" అంది. ఇంగ్లీషువాళ్ళు కూడా మనలాంటి మనుషులేనన్న నమ్మకం ఆమెకు ఆ పిల్లివల్లే కలిగింది.

నేర్చుకున్న మాటను దాచుకోవడం ఆమెకు తెలియదు. వెంటనే వాడాలి. ఆడవాళ్ళకు పైసల్లేని జీరో టికెట్టు వచ్చాక బస్సులో కాలు పెట్టే సందు ఉండేది కాదు. ఒకరోజు ఇద్దరం రాడ్డు పట్టుకొని వేలాడుతుంటే, కండక్టరు, ఆమె కూడా ఆడమనిషే, జనాన్ని నెట్టుకుంటూ మా దగ్గరికి వచ్చింది. సుగుణ మేడం గట్టిగా, "నో రూమ్ టు స్వింగ్ ఎ క్యాట్!" అంది. పిల్లిని తిప్పేంత సందు కూడా లేదని దానర్థం.

కండక్టరు ఆగిపోయింది. "పిల్లా? పిల్లి యాడుంది మేడం? బస్సుల పిల్లిని తేవద్దు."

"పిల్లి లేదమ్మా. పిల్లి ఉంటే తిప్పెటానికి జాగ లేదంటున్న."

"పిల్లినెందుకు తిప్పుతరు మేడం? చదువుకున్నోళ్ళు!"

వెనకనుంచి ఒక ముసలమ్మ, "ఆడపిల్లి అయితే దానిగ్గూడ జీరో టికెట్టే గొట్టు బిడ్డా!" అంది. బస్సు బస్సంతా నవ్వింది. కండక్టరు నవ్వు ఆపుకోలేక టికెట్ల మిషను చేతిలో పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. సుగుణ మేడం మాత్రం అందరికంటే ఎక్కువ నవ్వింది. బస్సు దిగాక నాతో, "సూసినవా? ఒక్క ఇంగ్లీషు మాటకు ఎంతమంది మాట్లాడిన్రో!" అంది. నేను ఆ మాటను ఎన్నడూ అట్లా చూడలేదు. నాకు ఇంగ్లీషంటే తప్పో ఒప్పో తేల్చవలసిన విషయం. ఆమెకు అది పదిమంది నోళ్ళు తెరిపించే ముచ్చట.

తప్పులు ఆమె దగ్గర బతికి బట్టకట్టేవి. కుండపోత వానను పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయంటారని చెప్పిన మర్నాడు సన్నటి తుంపర పడుతోంది. పెద్దసారు బండి దిగి తల తుడుచుకుంటూ వస్తుంటే ఆమె వరండాలోంచి, "గుడ్ మార్నింగ్ సర్! రెయినింగ్ కిట్టెన్స్ అండ్ పప్పీస్!" అంది. పెద్దసారు అయోమయంగా నన్ను చూశాడు. అట్లాంటి మాట ఇంగ్లీషులో లేదని తర్వాత నేను మెల్లగా చెప్పాను. "ఇయ్యాల్టికెళ్ళి ఉన్నది పో" అంది. ఇంకోరోజు రజియా పెద్దసారు బండికి అడ్డంగా పోయింది. ఆయనకు శకునాల పట్టింపు. బండి ఆపి, గేటు దగ్గరే నిలబడ్డాడు. అప్పుడు ఆమె అంది కదా, "సర్, షి ఈజ్ ఆల్సో గోయింగ్ టు డ్యూటీ. ప్లీజ్ కమ్!" అందులో పిల్లి పలుకుబడి ఏదీ లేదు. తప్పూ లేదు. ఎవరూ నేర్పని వాక్యం అది, ఆమె సొంతం. పెద్దసారు నవ్వుతూ లోపలికి వచ్చాడు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. మాట్లాడటమంటే ఇదేనా అనిపించింది.

ఇంట్లో గంగారాం ఈ చదువును చూసి తెగ నవ్వేవాడట. ఒక ఆదివారం వాళ్ళింటికి భోజనానికి వెళ్తే నాతోనే అన్నాడు. "నేను మస్కట్‌ల గన్ని ఏండ్లున్న మేడం. ఇంజనీర్లతోని పనిజేసిన, ఇంగ్లీషోళ్ళతోని పనిజేసిన. ఒక్కడు గూడ పిల్లి ముచ్చట మాట్లాడలే. ఈమెకు గిదేం ఇంగ్లీషు నేర్పుతున్నరు?" సుగుణ మేడం వంటింట్లోంచే జవాబిచ్చింది. "గా ఇంజనీర్లతోని నువ్వు యెస్ సర్, నో సర్ తప్ప ఏం మాట్లాడినవ్? ఆళ్ళింట్ల పిల్లున్నదో లేదో అడిగినవా?" గంగారాం ముద్ద చేతిలో పట్టుకొని, "అడగలే" అన్నాడు. ఆ తర్వాత తనే, తాను పనిచేసిన క్యాంపులో వంటగది వెనక ఒక కుంటిపిల్లి ఉండేదని, దానికి రోజూ చేపముక్క పెట్టేవాడినని, ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదని చెప్పాడు. భార్యకు కూడా ఆ కథ కొత్త. ఆమె గంటె చేత్తో పట్టుకొని గడపలోకి వచ్చి నిలబడి విన్నది.

ఆమె మొదటి ఇంగ్లీషు పాఠం నాకు బాగా గుర్తు. ఎనిమిదో తరగతి. నేను పక్క గదిలో పిల్లలకు రాసుకొమ్మని పని ఇచ్చి, కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపలికి వెళ్ళగానే ఆమె పుస్తకం తెరవలేదు. చేతులు కట్టుకొని పిల్లల్ని చూసింది. "చిల్డ్రన్, ఐ డోంట్ నో ఇంగ్లీష్" అంది. పిల్లలు బిత్తరపోయారు. "యూ డోంట్ నో ఇంగ్లీష్. ఐ డోంట్ నో ఇంగ్లీష్. నౌ ద క్యాట్ ఈజ్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్!" తర్వాత ఎవరో, "మేడం, ఏ క్యాట్?" అన్నారు. "రజియానా మేడం?" అని ఇంకొకరు. అంతే, ఆ సంచి కథంతా చెప్పింది, సగం తెలుగు, సగం ఇంగ్లీషు, చేతులతో అంగడి, మొహంతో మోసపోయిన రైతు. గంట కొట్టేదాకా నవ్వులే. సుల్తానులు మర్నాటికి వాయిదా పడ్డారు. మర్నాడు వచ్చారు, ఇంగ్లీషులోనే వచ్చారు, నానా తప్పులతో వచ్చారు. తుగ్లక్ నడిపించిన జనం మాత్రం మునుపటిలాగే నడిచారు. "పీపుల్ వాకింగ్, వాకింగ్, వాకింగ్. నో వాటర్. చిల్డ్రన్ క్రయింగ్" అని ఆమె చెబుతుంటే గది మొత్తం నీళ్ళ సీసాల దిక్కు చూసింది. కిటికీ దగ్గర నిలబడ్డ నాకూ దాహమైంది.

అట్లా ఆమె ఉద్యోగం వదిలే మాట మళ్ళీ ఎత్తలేదు. ఆపద వచ్చింది ఇంకో దిక్కు నుంచి. మా బడి ఉన్న ఊళ్ళోకి పట్నం ప్రైవేటు బడి పచ్చబస్సు రావడం మొదలైంది. సర్కారు బడిలో ఇంగ్లీషు మీడియమని పేరే తప్ప టీచర్లకే ఇంగ్లీషు రాదని ఎవరో అన్నారు. అది ఊరంతా పాకింది. పిల్లలు తగ్గితే పోస్టులు తరలిపోతాయి, బడి పేరుకు మిగులుతుంది. పెద్దసారు తల్లిదండ్రుల మీటింగు పెట్టాడు. "మీరు ఇంగ్లీషు టీచరు. ముందు మీరే మాట్లాడాలె, మొత్తం ఇంగ్లీషుల. ఆళ్ళు ఇనాలె" అని నాతో చెప్పాడు.

మీటింగు రోజు పొద్దున రాసుకున్న కాగితాన్ని బస్సులో మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. సెలవు పెడదామా అని కూడా అనుకున్నాను. చివరికి ఉండబట్టలేక సుగుణ మేడంతో చెప్పేశాను. "మేడం, నాకు ఇంగ్లీషు మాట్లాడుడు రాదు."

"ఏందీ?"

"రాసుడొస్తది, చదువుడొస్తది. నలుగురి ముంగట నిలబడి మాట్లాడాలంటే నోరు పెగలదు. ఇన్నొద్దులు ఎవ్వలికి చెప్పలే."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆగకుండా నవ్వింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. "నీకు మాట్లాడ రాదా? మరి నాకెట్ల నేర్పినవే పిల్లా?" అంది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకొని, "మంచిగైంది పో. నువ్వు పెద్ద ఇంగ్లీషు టీచరువని నీ ముంగట జర భయపడుకుంటనే మాట్లాడుతున్న ఇన్నొద్దులు. ఇగ నాకా భయం గూడ పోయింది" అంది. నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకొని దిగేదాకా పట్టుకొని కూర్చుంది. సలహా ఏమీ ఇవ్వలేదు.

మీటింగు వరండాలో. ముందు పిల్లలు, వెనక తల్లులు. తండ్రులు తక్కువ, చాలామంది గల్ఫ్‌లో ఉన్నారు. తల్లుల్లో కొందరు బీడీల చాటలు ఒళ్ళో పెట్టుకొని ఆకు చుడుతూనే వింటున్నారు. నేను లేచి నిలబడ్డాను. "రెస్పెక్టెడ్ పేరెంట్స్" అన్నాను. అంతే. తర్వాతి వాక్యం మనసులో ఉంది, తప్పు లేకుండా ఉంది, కానీ నోటిదాకా రాలేదు. చేతులాడుతున్న తల్లులు కూడా ఆకు చుట్టడం ఆపి తలెత్తారు. పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. ఎవరో వెనకనుంచి గుసగుసలాడారు.

అప్పుడు కుర్చీల వరసలోంచి సుగుణ మేడం లేచింది. నడుం మీద చేతులు పెట్టుకొని, పిల్లల్ని అడిగే గొంతుతో, "వాట్ హ్యాపెండ్, మేడం? క్యాట్ గాట్ యువర్ టంగ్?" అంది. నీ నాలుకను పిల్లి ఎత్తుకుపోయిందా అని. మనం నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా అంటామే, అట్లాంటి మాట. ఆ వారమే నేర్చుకున్నాం. ఆమె తరగతి పిల్లలకు అప్పటికే చెప్పేసినట్టుంది, వాళ్ళు గొల్లున నవ్వారు. తల్లులకు అర్థం కాకపోయినా పిల్లల్ని చూసి నవ్వారు. ఆ నవ్వులో నా వాక్యం, అంత చక్కగా కట్టుకున్న వాక్యం, ఎటో కొట్టుకుపోయింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"యెస్ మేడం. రజియా గాట్ మై టంగ్. ప్లీజ్ టెల్ హర్, గివ్ ఇట్ బ్యాక్!"

"షి ఈజ్ స్లీపింగ్ ఆన్ ఇండియా. హౌ కెన్ ఐ టెల్?"

"దెన్ వేక్ అప్ ఇండియా, మేడం!"

ఇక మేమిద్దరం ఆగలేదు. ఆమె అడుగుతూ పోయింది, నేను చెబుతూ పోయాను. బడిలో ఏం నేర్పుతున్నామో, పిల్లలు ఏ పుస్తకాలు చదువుతున్నారో, ఎలుకలెన్ని పోయాయో, అన్నీ. మధ్యలో పిల్లలు కూడా దూరారు. ఒక పాప లేచి పిల్లిపిల్లల పేర్లన్నీ ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పింది. నేనెన్ని తప్పులు మాట్లాడానో నాకు తెలియదు. లెక్కపెట్టే మనిషి ఆ పూట నాలో లేదు.

చివర పెద్దసారు, ఎవరైనా ఏమైనా అడుగుతారా అన్నాడు. రాజవ్వ అనే ఆమె లేచింది. భర్త గల్ఫ్‌లో, ఇద్దరు ఆడపిల్లలు మా బడిలో. ఒళ్ళోని తునికాకు దులుపుకొని, "మీకు ఇంగ్లీషొస్తదో రాదో నాకేం ఎరుక సారు. నాకొస్తేగద తెలిసేది. పచ్చబస్సు బడిల మొన్న సూసొచ్చిన, పిల్లలు మాట్లాడుతలేరు, అప్పజెప్తున్నరు. మా పిల్లలు గిక్కడ నవ్వుకుంట మాట్లాడుతున్నరు. నా బిడ్డలు ఈడనే ఉంటరు" అంది. అందరూ అట్లా అనలేదు. కొందరు ఆ ఏడు పచ్చబస్సు ఎక్కించారు కూడా. కానీ ఎక్కువమంది ఉండిపోయారు. బడి నిలబడింది, మా పోస్టులూ నిలబడ్డాయి.

ఆ తర్వాత సుగుణ మేడం రిటైరయ్యేదాకా అదే బడిలో పాఠం చెప్పింది. వీడ్కోలు సభలో మైకు పట్టుకొని, "టుడే ఐ యామ్ రిటైర్. బట్ ఐ యామ్ నాట్ టయర్!" అంది. వ్యాకరణం ప్రకారం రెండు వాక్యాలూ తప్పే. వాటిని దిద్దాలని నాకు అనిపించలేదు. అంతకంటే బాగా ఆ సంగతి చెప్పే వాక్యం నాకిప్పటికీ దొరకలేదు. పెళ్ళయ్యాక నేను సిరిసిల్లకు బదిలీ చేయించుకున్నాను. ఆమె గొల్లపల్లిలో ఉంటోంది. ఈ మధ్య స్కూటీ నేర్చుకుంటోంది. మొన్న ఫోన్‌లో, "కింద పడ్డనే రజితా, గంగారాం చేన్లకెళ్ళి ఉరికొచ్చిండు. నేను లేసి మళ్ళ ఎక్కేసరికి ఆయనకే చెమటలు!" అని చెప్పి నవ్వింది.

ఆమె దగ్గర నేను తెచ్చుకున్నది ధైర్యమని చెబితే పెద్దమాట అవుతుంది. భయం నాకు ఇప్పటికీ ఉంది. తెచ్చుకున్నది ఒక అలవాటు. మొదలుపెట్టిన వాక్యాన్ని మధ్యలో వదలకుండా చివరిదాకా తీసుకుపోవడం. ఈ మధ్య కరీంనగర్‌లో ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ పెట్టారు. చెప్పడానికి వచ్చినాయన పట్నం మనిషి, ధారాళంగా మాట్లాడాడు. మాట్లాడటం ముగించి, సందేహాలుంటే అడగమన్నాడు. హాలు నిండా టీచర్లం. ఒక్కరం కదల్లేదు. అందరూ ఇంగ్లీషు టీచర్లమే, అందరం కాగితాల్లోకి చూస్తున్నాం. నేను లేచాను. ఇంట్లో ఇంగ్లీషు వినని పిల్లలకు వినే అలవాటు ఎట్లా చేయాలని అడగబోయాను. సగంలో ఒక క్రియ తప్పింది. అది తప్పని నోరు దాటేటప్పుడే తెలిసింది. వెనక వరసలో ఎవరో చిన్నగా నవ్వారు. నేను వెనక్కి వెళ్ళి దిద్దుకోలేదు. వాక్యం చివరిదాకా వెళ్ళి, ప్రశ్న పూర్తిచేసి, కూర్చున్నాను. ఆయన జవాబు చెప్పాడు. అది ముగిసేసరికి నా పక్కన కూర్చున్న టీచరు, పొద్దున్నుంచీ నాతో తెలుగులో కూడా సరిగ్గా మాట్లాడని అమ్మాయి, మెల్లగా చెయ్యెత్తింది. లేచి నిలబడింది. ఆమె కూడా ఒక తప్పుతోనే మొదలుపెట్టింది.